తప్పు చీటీదని చెప్పిన మేడమ్‌గారు

మేడమ్‌గారు పోయారన్న కబురు నేను మొక్కలకు నీళ్ళు పడుతుండగా తెలిసింది. ఆవిడ కూతురు నర్సరీ ఆఫీసుకు ఫోన్ చేసిందట. గుమస్తా చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చి, "మామ్మా, రాజమండ్రి మేడమ్‌గారు పోయారంట. పొద్దున్నే గుండెనొప్పి వచ్చిందంట, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే..." అని ఆగిపోయాడు. నా చేతిలో గొట్టం అలాగే ఉంది. ఒకే మొక్క కవరులో నీళ్ళు పోస్తూ నిలబడిపోయాను. మట్టంతా కొట్టుకుపోయి ఆ మొక్క వేళ్ళు బయటపడ్డాక గానీ నాకు తెలియలేదు.

ఆవిడకు యాభై మూడేళ్ళు. నాకంటే పదిహేడేళ్ళు చిన్న.

దినవారాలు అయ్యాక కాలేజీలో సంతాప సభ పెట్టారు. నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. మాట్లాడినవాళ్ళు ఆవిడ చదువుల గురించి చెప్పారు, పాఠం చెప్పే తీరు గురించి చెప్పారు. అన్నీ నిజమే. చివర్లో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ఆవిడ పనిలో ఏనాడూ తప్పన్నది దొర్లలేదు" అన్నాడు. నేను లేచి నిలబడి, "దొర్లిందండీ" అన్నాను. సభంతా వెనక్కి తిరిగింది. "ఆ తప్పు గురించి చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టేనండీ. నాకు రెండు నిమిషాలివ్వండి" అన్నాను. టైమయిపోయింది మామ్మగారూ, ఆవిడ జ్ఞాపకంగా సంచిక వేస్తున్నాం, అందులోకి రాయించి పంపండి అన్నారు. సరే, రాయిస్తున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. చదివేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవాలి. మధ్యలో ఆపేస్తే, నేను ఆవిడ మీద నేరం చెప్పాననుకుంటారు.

మాది కడియం దగ్గర పల్లె. నలభై ఏళ్ళుగా ఒకే నర్సరీలో పని. ఆ రోజుల్లో నా పని ఆర్డర్లు అందించడం. మొక్కలు కావాలని ఎక్కడెక్కణ్ణుంచో ఉత్తరాలు వచ్చేవి. మా రైతుగారు, అంటే నర్సరీ యజమాని, ఆ ఉత్తరం ఒక్కసారి పైకి చదివేవారు. ఎర్ర మందారం ఇన్ని, తెల్ల కాగితం పూలు ఇన్ని, క్రోటన్లలో ఫలానా రకం ఇన్ని అని. నేను విని, మడుల్లోకి నడిచి, ఏ మడి దగ్గర ఏం ఎత్తాలో ఆడవాళ్ళకు చెప్పేదాన్ని. లారీ నిండేసరికి ఒక్క మొక్క తేడా ఉండేది కాదు. చదువుకున్నవాళ్ళు కాగితం చూసి చెప్పేది నేను నోటితో చెప్పేదాన్ని. నాకున్న ఆస్తి అంతా అదే.

తొంభైల్లో ఒక వేసవిలో మేడమ్‌గారు మొదటిసారి వచ్చారు. కాలవ గట్టు మీద గొడుగేసుకుని, భుజాన గుడ్డసంచితో నడుచుకుంటూ వచ్చారు. కాలేజీలో మనసు గురించి పాఠాలు చెబుతారట. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తున్నారట. మధ్యాహ్నం అన్నాలు తిని తాటాకు పందిరి కింద కూర్చున్నాం మేం. ఏ జబ్బూ లేనివాళ్ళు కొంతమంది కావాలి అన్నారు.

"జబ్బు లేనివాళ్ళకి పరీక్ష ఏంటండీ? లేని రోగం అంటగట్టడానికా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "మిమ్మల్ని పరీక్షించడానికి కాదండి పెద్దమ్మా. నా దగ్గరున్న చీటీల్ని పరీక్షించడానికి" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. మాటలు పెట్టి తప్పించుకుంటోందనుకున్నాను.

సంగతి ఏంటంటే, తలకు దెబ్బ తగిలినవాళ్ళకీ, మతిమరుపు వచ్చినవాళ్ళకీ ఆసుపత్రిలో పదిహేను మాటలున్న చీటీ ఒకటి చదివి వినిపిస్తారట. ఎన్ని గుర్తున్నాయో చెప్పమంటారట. ఆర్నెల్ల తర్వాత మందు పని చేసిందో లేదో చూడాలంటే మళ్ళీ చదవాలి కదా. అదే చీటీ చదివితే, మనిషి బాగుపడ్డాడో, ఆ చీటీయే గుర్తుండిపోయిందో తెలియదు. అందుకని వేరే మాటలతో రెండో చీటీ కావాలి. ఆ రెండూ ఒకే బరువుతో ఉండాలి. ఒక కుంచం పెద్దదీ, ఒక కుంచం చిన్నదీ అయితే ధాన్యం కొలిచి ఏం లాభం? అవి సమానమో కాదో బాగున్నవాళ్ళ మీదే చూడాలి. ఇదంతా ఆవిడ నాకు తర్వాతెప్పుడో చెప్పారు.

మొదటి చీటీ ఆవిడ చదివిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేతి గడియారం విప్పి ముక్కాలిపీట మీద పెట్టుకున్నారు. అన్ని మాటలకూ ఒకే గొంతు, ఒకే ఎడం. దేన్నీ ఒత్తి పలకలేదు. కాగితానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నేను చెప్పినవి పెన్సిలుతో గీసుకున్నారు. సరిగ్గా చెప్పినప్పుడు మొహంలో మెచ్చుకోలు లేదు, తప్పినప్పుడు జాలి లేదు. "గుర్తు రాకపోతే రాలేదనండి. అదీ నాకు కావలసిన జవాబే" అనేవారు. అయిదుసార్లు చదివారు. అయిదోసారికి పద్నాలుగు మాటలు అప్పజెప్పాను. పెన్సిలు మొన విరిగితే బ్లేడుతో చెక్కుకుని, ఆ పొట్టు కూడా కింద పడెయ్యకుండా సంచిలో వేసుకున్నారు. ఉప్పేసిన మజ్జిగ ఇస్తే గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళారు.

మూడు నెలలాగి రెండో చీటీ పట్టుకొచ్చారు. ఆ చీటీ ఇప్పుడు చెల్లదు గనక దాని సంగతి రాయించవచ్చు. అందులో చాప, గంట, అద్దం లాంటి మాటలతో పాటు గన్నేరు, నందివర్ధనం, సంపెంగ, మందారం కూడా ఉన్నాయి. చదువు రానివాళ్ళకు తెలిసిన మాటలుంటే తేలిగ్గా ఉంటుందని మంచి ఉద్దేశంతోనే పూల పేర్లు వేశారు.

ఆవిడ చదవడం ఆపగానే నేను మొదలుపెట్టాను. గన్నేరు, నూరువరహాలు, నందివర్ధనం, పారిజాతం, సంపెంగ, దేవకాంచనం, మందారం, కాగితం పూలు... నోటికి అడ్డు లేకుండా వచ్చేస్తున్నాయి. చాప రాలేదు. గంట రాలేదు. రెండోసారి చదివినా, మూడోసారి చదివినా అంతే. అయిదోసారికి కూడా ఆవిడ చదివినవి ఎనిమిదే చెప్పాను. చదవనివి ఆరు చెప్పాను. ఏది విన్నానో, ఏది వినలేదో నాకే తెలియలేదు.

మా గుమస్తా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. "ఏంటి మామ్మా, లేని మొక్కలు కూడా లోడు చేసేస్తున్నావు?" అన్నాడు. అందరూ నవ్వారు. మేడమ్‌గారు మాత్రం నవ్వలేదు. రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. గుమస్తా వెళ్ళి రైతుగారి చెవిన వేశాడు. వారం తిరక్కుండా ఆర్డర్లు అందించే పని గుమస్తా తనే తీసుకున్నాడు. "వయసొచ్చింది కదమ్మా, నీడపట్టున కూర్చుని కవర్లలో మట్టి నింపు" అన్నారు రైతుగారు. ఆయన నెమ్మదిగానే చెప్పారు. నాకు మాత్రం నిలువునా నరికినట్టయింది.

పని పోయిందన్న బాధ ఒకటైతే, దానికంటే పెద్దది నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ చివరి రెండేళ్ళూ మతి లేకుండా బతికింది. నేను అన్నం పట్టుకెళితే, "ఎవరమ్మా నువ్వు? ఎవరింటికొచ్చావు? కూర్చో తల్లీ" అనేది. ఎంతో మర్యాదగా అనేది. ఆ మర్యాదే నన్ను చంపేది. ఇప్పుడు నాకూ అదే మొదలయిందా అని గుండెల్లో రాయి పడింది. మట్టి నింపుతూ మనవల పేర్లు వరసగా చెప్పుకునేదాన్ని. అందరి పేర్లూ వచ్చేవి. అయినా నమ్మకం కుదిరేది కాదు. నిన్న వచ్చినవి ఇవాళ వస్తాయని ఏముంది?

ఇరవై రోజులు అలా గడిపాను. ఒక పొద్దున ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, దారి అడుక్కుంటూ కాలేజీలో ఆవిడ గదికి పోయాను. గదిలో ఆవిడతో పాటు ఇంకో పెద్దసారు ఉన్నారు. ఆవిడ పరిశోధనకు ఆయనే పెద్ద అని తర్వాత తెలిసింది. నేను ఆయన్ని చూసి ఆగలేదు.

"మీ చీటీ నన్ను మతిలేనిదాన్ని చేసిందండీ! ఇన్నేళ్ళ పని పోయింది. నేను బాగున్నానా లేదా, ఒక్క మాట చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి, ఇంటికెళ్ళి పడుకుంటాను" అన్నాను.

ఆవిడ లేచి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. బీరువాలోంచి కాగితాల కట్ట తీసి నాది వెతికారు. చాలాసేపు చూసి, "పెద్దమ్మా, నేను చదవని పేర్లు చెప్పారు కదా, నూరువరహాలు, పారిజాతం. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అని అడిగారు.

"ఎక్కణ్ణుంచేంటండీ? గట్టు మీంచి! మీరు గన్నేరు అంటే నేను గన్నేరు మడి దగ్గరికి వెళ్ళాలా వద్దా? దాని పక్క మడి నూరువరహాలు. అది దాటితేనే నందివర్ధనం. దాని వెనకాల పారిజాతం. దాటకుండా ఎలా వెళతానండీ? ఎగిరి వెళతానా?"

ఆవిడ మా పందిరి కింద కూర్చున్న ఆడవాళ్ళందరి కాగితాలూ తీసి బల్ల మీద పరిచారు. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళారు. గన్నేరు తర్వాత నూరువరహాలు. ఇంకోదాంట్లోనూ నూరువరహాలు. ఇంకోదాంట్లోనూ అదే. తర్వాత మండపేట బియ్యం మిల్లుల్లో పనివాళ్ళకు ఇదే చీటీ చదివినప్పటి కాగితాలు తీశారు. అక్కడ ఒక్కళ్ళూ ఆ మాట అనలేదు. ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

"తప్పు మీది కాదండి పెద్దమ్మా. నా చీటీది" అన్నారు.

నేను ఏడవలేదు. ఏడుపు రానంత తేలికయింది ఒళ్ళు.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దీనికింత ఆలోచన ఎందుకమ్మా? ఈ నర్సరీ వాళ్ళ కాగితాలు పక్కన పడేస్తే సరి. మిగతావాళ్ళతో రెండు చీటీలూ సమానంగానే వస్తున్నాయిగా" అన్నారు.

అప్పుడు మేడమ్‌గారు అన్న మాట కోసమే నేను ఇదంతా రాయిస్తున్నాను. "పక్కన పడేస్తే, రేపు వీళ్ళలో ఎవరికైనా నిజంగా మతిమరుపొస్తే ఏ చీటీతో చూస్తామండీ? వీళ్ళు బాగున్నవాళ్ళు కారా?" అన్నారు.

"మళ్ళీ మొదలుపెడితే ఏడాది పైన పడుతుంది. నీ ప్రమోషను సంగతి చూసుకో" అన్నారాయన.

"పడనివ్వండి సార్" అన్నారు. గొంతు పెంచలేదు. చీటీ చదివే గొంతుతోనే అన్నారు.

నిజంగానే పట్టింది. ఆవిడ వెనక వచ్చినవాళ్ళు ఆవిడకంటే ముందు పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు. సభలో ఆవిడ తోటి లెక్చరర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను.

మూడోనాడు నర్సరీకి వచ్చారు. రైతుగారి ముందూ, పందిరి కింద ఆడవాళ్ళందరి ముందూ నిలబడి, చీటీలో లోపం ఉందనీ, మామ్మగారి జ్ఞాపకం నిక్షేపంగా ఉందనీ చెప్పారు. గుమస్తా నమ్మలేదు. "అదేంటండీ, నేను విన్నానుగా. ఆవిడ లేనివి చెప్పింది" అన్నాడు.

"అయితే మీరూ కూర్చోండి" అన్నారు.

గుమస్తా చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆ రెండో చీటీయే చదివారు. ఆయన గొంతు సవరించుకుని, "చాప, గన్నేరు, నూరువరహా..." అన్నాడు. పందిరి కింద నవ్వులు మొదలయ్యాయి. ఆయనకు ఏమయిందో అర్థం కాక ఇంకా గట్టిగా, "నందివర్ధనం, పారిజాతం" అన్నాడు. ఒకావిడ నవ్వలేక కవర్ల మీద పడిపోయింది. "ఏంటి గుమస్తాగారూ, లారీ నిండిందా, ఇంకా ఎక్కించాలా?" అన్నాను నేను. ఎందుకు ఊరుకుంటాను?

"నవ్వకండమ్మా. ఈయన మతీ బాగానే ఉంది" అన్నారు మేడమ్‌గారు. గుమస్తా తల గోక్కున్నాడు. మర్నాటి ఆర్డరు ఉత్తరం రైతుగారు నాకే చదివి వినిపించారు.

ఆ తర్వాత మూడో చీటీ కోసం ఆవిడ పడ్డ పాట్లు నాకు తెలుసు. మాట మాటకీ ఒక ఊరు తిరిగారు. "ఈ మాట వినగానే మీకు పక్కన ఇంకేం తోస్తుంది?" అని అడిగేవారు. వల అన్న మాట నరసాపురంలో పడవల వాళ్ళ దగ్గర పనికిరాకుండా పోయింది. అది అనగానే వాళ్ళకు పది రకాల చేపలు వచ్చేస్తున్నాయట. తణుకులో చెరుకు పని చేసేవాళ్ళ దగ్గర బెల్లం పోయింది. మిల్లు వాళ్ళ దగ్గర బస్తా పోయింది. ఎవరి పనిలోనూ దేనికీ అంటుకోని మాటలు ఏరేసరికి ఆవిడ జుట్టు కొంచెం నెరిసింది. "మనుషులు మాటల్ని విడివిడిగా దాచుకోరండి పెద్దమ్మా, తమ పని వరసలో దాచుకుంటారు. నాకది తెలియక చీటీ రాశాను" అన్నారు ఒకసారి, మా మజ్జిగ తాగుతూ.

చీటీ తయారయ్యాక మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళారు. సగం మందికి పాత మొదటి చీటీ ముందు, కొత్తది తర్వాత. మిగతా సగానికి కొత్తది ముందు, పాతది తర్వాత. రెండోసారి ఎవరికైనా కాస్త అలవాటొస్తుంది కనక ఆ వాసి ఒక చీటీకే పోకూడదని. నాకు కొత్తది ముందు వచ్చింది. పదమూడు చెప్పాను. పాతదీ అంతే. ఊరి మీద ఊరు లెక్క చూసుకుని, ఒకనాడు బస్సు దిగి వచ్చి, "రెండూ ఒకే బరువండీ" అన్నారు. అంతే అన్నారు. ఆ రోజు ఆవిడ నవ్వితే పళ్ళు చూశాను.

వెళుతూ వెళుతూ ఒక మాట అడిగారు. "పెద్దమ్మా, ఈ కొత్త చీటీలో మాటలు మీరు ఎవరికీ చెప్పకూడదు. బయట తెలిస్తే ఆ చీటీ ఇక పనికిరాదు." నేను మాటిచ్చాను. కన్న కూతురికి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్న మా మనవరాలు పెన్ను పట్టుకుని అడుగుతోంది. దీనికీ చెప్పను. ఆ చీటీతో ఇప్పటికీ ఆసుపత్రుల్లో జనాన్ని చూస్తున్నారు.

ఆ తర్వాత ఆవిడ ఏటా వచ్చి ఏవో మొక్కలు పట్టుకెళ్ళేవారు. ఒక్కటీ బతికించుకోలేదు. "నీళ్ళు ఎక్కువ పోశారండీ" అంటే, "నాదే తప్పు" అని నవ్వేవారు. ఆ మాట అనడానికి ఆవిడ ఎప్పుడూ సిగ్గుపడలేదు. మన పెద్దల్లో ఎంతమందికి నోరు తిరుగుతుంది ఆ మాట? ఆవిడ పనిలో తప్పు దొర్లలేదనకండి బాబూ. దొర్లింది. ఆవిడ దాన్ని ఎత్తుకుని తన నెత్తిన పెట్టుకున్నారు. చదువు రాని ఆడవాళ్ళ నెత్తిన పెట్టలేదు. ఆ రోజు నన్ను పక్కన పడేసి ఉంటే, నేను ఈ పన్నెండేళ్ళూ మట్టి నింపుకుంటూ, రోజుకొకసారి మా అమ్మనయిపోతున్నానని చస్తూ బతికేదాన్ని. పన్నెండేళ్ళ నిమ్మళాన్ని ఇచ్చారు నాకు. దానికి ఎలా మొక్కాలో నాకు తెలియదు.

కబురందిన రోజున నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి వాళ్ళింటి హాల్లో చాప మీద పడుకోబెట్టారు. జనం వస్తున్నారు, దండాలు పెడుతున్నారు, వెళుతున్నారు. కూతురు తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. నేను కూర్చుని, ఆవిడ చెవి దగ్గరికి వంగాను. ఆ మూడో చీటీ, పదిహేను మాటలూ, ఆవిడ చదివిన వరసలోనే చెప్పాను. మాటకీ మాటకీ మధ్య ఆవిడ ఇచ్చినంత ఎడం ఇచ్చాను. అప్పుడు తప్పిన రెండు మాటలు కూడా వచ్చాయి. ఒక్కటీ పోలేదు.

"అమ్మతో ఏం చెప్పారు మామ్మగారూ?" అని అడిగింది ఆ పిల్ల.

"నీకు చెప్పకూడదమ్మా" అన్నాను.

ఆ పిల్ల, నా ఊపిరికి చెదిరిన తల్లి జుట్టును ఒక్క వేలితో చెవి వెనక్కి సర్దింది.